బండెనక బండి పాడేటప్పుడు యాదగిరి పేరు చెప్పాలా, అక్కర్లేదా?

పాలకుర్తి_పిల్ల
మా బాబు బడిలో సెప్టెంబర్ 17 కార్యక్రమం జరిగింది. ఎనిమిదో తరగతి పిల్లలు గోచీలు కట్టుకుని, గొంగళ్లు వేసుకుని "బండెనక బండి గట్టి" పాడారు. చాలా బాగా పాడారు. కానీ పాటకు ముందు మైకులో "ఇప్పుడు మా భూమి సినిమా నుంచి గద్దర్ గారి పాట" అని మాత్రమే చెప్పారు. రాసిన బండి యాదగిరి పేరు ఎక్కడా రాలేదు. తర్వాత టీచర్‌ని అడిగితే "అది జానపదం కదండీ, ఎవరిదని చెబుతాం" అన్నారు.

నాకైతే మనసు చివుక్కుమంది. రాష్ట్ర గీతం వేరే ఉంది, దానికి లేచి నిలబడతాం, గౌరవిస్తాం. ఈ పాటకు మాత్రం ఏ ఉత్తర్వూ లేదు. అయినా తెలంగాణ అనగానే ముందు నోట్లోకి వచ్చేది ఇదే. పెళ్లి బరాత్‌లోనూ ఇదే, ధర్నాలోనూ ఇదే. ఇంత ప్రేమించే పాటకు దాన్ని రాసిన మనిషి పేరు చెప్పలేమా? అసలు ఇది జానపదమా, యాదగిరి పాటా? మీరేమంటారో చెప్పండి.

ఎర్రమట్టి
చెప్పాలి. ఇందులో చర్చ ఏముంది.

డప్పుదరువు
చర్చ ఉంది అన్నా. నేను ఇరవై ఏళ్లుగా డప్పు కొడుతున్నా. ఈ పాట ఎన్ని వేదికల మీద వాయించానో లెక్క లేదు. జనం లేచి చేతులు కలిపేది రాసిన మనిషి పేరు విని కాదు. సినిమా రాకముందు ముప్పై ఏళ్లు ఈ పాట ఊళ్లలో బతికింది. అప్పుడు ఎవరు పేరు చెప్పి పాడారు? నాట్లేసేవాళ్లు పాడారు, పశులు కాసేవాళ్లు పాడారు, ఎవరికి తోచింది వాళ్లు కలిపారు. పేరు లేకుండా తిరిగింది కాబట్టే ప్రతి ఊరూ నాదే అనుకుంది. టీచర్ గారు అన్నదాంట్లో నాకు తప్పు కనిపించడం లేదు.

పాలకుర్తి_పిల్ల
డప్పుదరువు అన్నా, మరి గద్దర్ పేరు ఎందుకు చెప్పారు? పేరు అక్కర్లేకపోతే ఎవరిదీ అక్కర్లేదు కదా. పాడిన మనిషి పేరు గుర్తుంటుంది, రాసిన మనిషి జానపదంలో కలిసిపోతాడు. నా బాధ అదే.

ఎర్రమట్టి
ఇదీ మాట.

పాతరికార్డులు
తెలిసినవి ఒకచోట పెడతాను, కొత్తగా చదివేవాళ్లకు పనికొస్తుంది.

నిజాం సర్కారు మీద, దొరల మీద జనం తిరగబడిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ పాట పుట్టింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య భూస్వామి దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు బలయ్యాక పోరాటం రాజుకుంది. 1951 అక్టోబరులో విరమించారు. ఆ పోరాటంలో ఉన్న బండి యాదగిరి కట్టిన పాట ఇది. అంటే జానపద బాణీలో, జానపదుల మాటలో, ఒక ఉద్యమకారుడు కట్టిన పాట. ఆ రోజుల్లో సంఘం (ఆంధ్ర మహాసభ) పాటలన్నీ దాదాపు ఇలాగే పుట్టాయి. సుద్దాల హనుమంతు "పల్లెటూరి పిల్లగాడ" కూడా అంతే. ఆయన గొల్లసుద్దులు, బుర్రకథ లాంటి ఊరి కళలనే తీసుకుని కొత్త మాటలు పోశారు.

తర్వాత గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో "మా భూమి" వచ్చింది. 1980లో విడుదలైంది. సంగీతం వింజమూరి సీత, నాగభూషణం. అందులో గద్దర్ స్వయంగా తెర మీద కనిపించి బండెనక బండి పాడారు. హనుమంతు పాట కూడా ఆ సినిమాలో ఉంది. ఊళ్లలో తిరుగుతున్న పాట రాష్ట్రమంతా తెలిసింది ఆ సినిమాతోనే. కాబట్టి మైకులో సినిమా పేరు, గద్దర్ పేరు చెప్పడం తప్పు కాదు. యాదగిరి పేరు వదిలేయడం తప్పు.

కొత్తచిగురు
మా భూమి నాటకం కూడా ఉంది కదా, మా తాత చెప్పేవాడు. సినిమా తీసింది దాన్నేనా?

పాతరికార్డులు
కాదమ్మా, పేరు ఒకటే గానీ రెండూ వేరు. నాటకం సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాశారు. కమ్యూనిస్టుల కళాబృందం ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. దానికి మూలం జనగామ వైపు షేక్ బందగీ కథ. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి గెలిచిన రైతు ఆయన. దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను చంపేశారు. సినిమాకు మాత్రం మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల.

జనగామ_బస్సు
బందగీ సమాధి కామారెడ్డిగూడెం దగ్గర ఉంది. ఆ దారిలో పోయే బస్సులో పెద్దవాళ్లు ఇప్పటికీ చెయ్యెత్తి దండం పెడతారు.

లెక్కలసారు
పాట జానపదమా కాదా అన్నది పక్కన పెట్టి, అది ఎందుకు నిలిచిందో చూద్దాం. పిల్లలకు పాటలు నేర్పేవాడిగా నాకు కొన్ని కనిపిస్తాయి.

వరస చిన్నది. గొంతు మరీ పైకి పోనక్కర్లేదు, మరీ కిందికి దిగనక్కర్లేదు. అందుకే పది మంది పాడినా కలుస్తుంది, పదివేల మంది పాడినా కలుస్తుంది. ముందు పాడేవాడు ఒక ముక్క అంటాడు, వెనకవాళ్లు అందుకుంటారు. పాట రానివాడు కూడా రెండో చరణానికల్లా గుంపులో కలిసిపోతాడు. చదువు రానివాళ్ల మధ్య తిరగాల్సిన పాటకు ఇది ప్రాణం.

ఇంకోటి, అది నేరుగా ఎదుటివాడితో మాట్లాడుతుంది. "మేము కష్టపడుతున్నాం" అని ఏడవదు. "నువ్వు ఏ బండిలో పోతావు రా" అని నిజాం సర్కారును అడుగుతుంది. పాడేవాడు నిలబడే తీరు అక్కడే మారిపోతుంది. దొర ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన మనిషి నోటి నుంచి ఆ పిలుపు వచ్చిందంటే ఎంత ధైర్యమో ఆలోచించండి.

అన్నిటికన్నా ముఖ్యం ఊళ్ల పేర్లు. సూర్యాపేట, నల్లగొండ, హైదరాబాదు, గోలుకొండ. చుట్టూ ఎవరున్నారు, నడుమ ఎవరున్నారు, నువ్వెక్కడున్నావు అని ముట్టడి వేసినట్టు చెబుతుంది. పాడుతుంటే నేల కళ్ల ముందు పరుచుకుంటుంది. ఒక ప్రాంతం పాటగా మారడానికి ఇంతకన్నా ఏం కావాలి?

గోదారిగట్టు
సారూ, చాలా బాగా చెప్పారు. ఈ కోణం నాకు తట్టలేదు.

జోడేఘాట్
మాది ఆదిలాబాద్ వైపు. పాట అంటే నాకూ ఇష్టమే. కానీ తెలంగాణ అంతటి పాట అంటున్నారు కదా, అందులో మా జిల్లా ఎక్కడుంది? సూర్యాపేట, నల్లగొండ దాటి రాలేదు. మా అడవిలో కుమ్రం భీం 1940లోనే నిజాం మీద పోరాడి ప్రాణమిచ్చాడు. మా గోండు పెద్దలు ఆయన మీద పాటలు పాడతారు, అవి ఏ సభలోనూ వినిపించవు. ఒక మూల పాటను మొత్తం ప్రాంతం పాట చేస్తే మిగతా మూలల పాటలు అడుగున పడతాయి.

నల్గొండ_నాగులు
అన్నా, పోరాటం ఎక్కువ సాగిన చోట పుట్టింది కాబట్టి ఆ పేర్లు వచ్చాయి. కావాలని వదిలింది కాదు.

జోడేఘాట్
కావాలని అనలేదు తమ్ముడు. రాసిన మనిషి తన ఊరి చుట్టూ చూసి రాశాడు, అది సహజం. దాన్ని అందరి మీదా పరిచింది తర్వాత మనం. దాని గురించి అంటున్నా.

లెక్కలసారు
జోడేఘాట్ గారు అన్నది నిజం. మా బడిలో భీం పాట కూడా నేర్పిస్తే బాగుండు. మీకు వరస తెలిస్తే పాడి పెట్టండి, గోండిలోనే పెట్టండి.

డప్పుదరువు
జోడేఘాట్ అన్న మాట నా మాటకే బలం. పాటలో ఊళ్ల పేర్లు మార్చుకోవచ్చు. మేం కరీంనగర్ వైపు పోయినప్పుడు అక్కడి ఊళ్ల పేర్లు కలిపి పాడతాం, జనం ఈలలు వేస్తారు. యాదగిరి రాసింది రాసినట్టే పాడాలంటే ఇది కుదరదు.

ఎర్రమట్టి
పేరు చెప్పమంటే మార్చొద్దన్నట్టు కాదు కదా. "యాదగిరి కట్టిన పాట, మా ఊరి మాటలు కలిపి పాడుతున్నాం" అంటే సరిపోతుంది.

పెద్దకాపు_మనవరాలు
మా నాయనమ్మ ఈ పాట పాడేది, కానీ అందులో నిజాం ఉండేవాడు కాదు. మా ఊరి దొర ఉండేవాడు. దొర పేరు పెట్టి, వాళ్ల గడీ పేరు పెట్టి పాడేది. నేను చిన్నప్పుడు అదే అసలు పాట అనుకున్నా. పెద్దయ్యాక సినిమాలో నిజాం అని వింటే ఇదేదో వేరే పాట అనిపించింది. దొర వారసులు ఇంకా ఊళ్లో ఉన్నారు, అందుకే పేరు ఇక్కడ రాయను. నాయనమ్మ కూడా వాళ్ల ఇంటి ముందుకు వచ్చేసరికి గొంతు తగ్గించేది, ఇల్లు దాటగానే మళ్లీ ఎత్తుకునేది.

పాతరికార్డులు
చూశారా, ఇలాంటివి రాసి పెట్టుకోవాలి. నాయనమ్మ పాడింది ఎవరైనా రికార్డ్ చేశారా?

పెద్దకాపు_మనవరాలు
ఆమె పోయి చాలా కాలమైంది. మా మేనత్తకు సగం వచ్చు.

వరికోత
ఒక సందేహం. పాటలో "పదహారు బండ్లు" అని వస్తుంది కదా, అంటే ఏమిటి? నిజాంను ఊరు విడిచి పొమ్మని బండ్లు కట్టి పెట్టారా, లేక దొరలు అలా బండ్ల వరసలో ఊరేగేవారా? ఇన్నేళ్లు పాడాం గానీ ఎప్పుడూ అడగలేదు.

నల్గొండ_నాగులు
పొమ్మనడమే. సామాన్లు సర్దుకో, ఏ బండి ఎక్కుతావో ఎక్కు అని.

జనగామ_బస్సు
మా మామ వేరేలా చెబుతాడు. వెట్టి కాలంలో దొర గానీ, సర్కారు అధికారి గానీ ఊరికి వస్తే బండ్లు, ఎడ్లు ఊరివాళ్లే ఉచితంగా కట్టాలి. వడ్లు కోసే రోజైనా సరే, దుక్కి దున్నే రోజైనా సరే, పిలుపొస్తే పోవాల్సిందే. మోయాల్సింది కూడా వాళ్లే. ఆ బండ్ల వరస చూసి కడుపు మండినవాళ్ల పాట ఇది. "ఇన్ని బండ్లు కట్టించుకుంటున్నావు, దేంట్లో పోతావో చూస్తాం" అన్నట్టు.

లెక్కలసారు
రెండూ కుదురుతాయి. ఎవరి బతుకును బట్టి వాళ్లు అర్థం చేసుకున్నారు. వెట్టి బండి కట్టినవాడికి ఒకటి, సర్కారును తరమాలనుకున్నవాడికి ఇంకొకటి.

చార్మినార్_చాయ్
నాకు ఈ పాటతో ఒక ఇబ్బంది ఉంది, నిజాయితీగా చెబుతున్నా. మాది పాతబస్తీ. ఈ పాట కొన్ని సభల్లో పాడే తీరు చూస్తే నిజాం అంటే మా అందరినీ అంటున్నట్టు ఉంటుంది. గోల్కొండ దగ్గర గోరీ కడతాం అనే చరణం వచ్చినప్పుడు కొందరు మా వైపు చూసి మరీ పాడతారు. చిన్నప్పుడు స్కూల్లో నాకు ఇది జరిగింది. పాట తప్పు అనడం లేదు. దాన్ని వాడుకునే తీరు గురించి చెబుతున్నా.

పాతరికార్డులు
మీరు చెప్పడం మంచిదైంది. ఆ పాట పుట్టిన పోరాటంలో ముస్లింలు అటువైపు మాత్రమే లేరు. పైన చెప్పిన బందగీ ఎవరు? కమ్యూనిస్టు నాయకుడు, కవి మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? నిజాం పాలనను ప్రశ్నించిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపారు, ఆయన ఎవరు? మరోవైపు ఊళ్లలో జనం నెత్తురు తాగిన దేశ్‌ముఖులు చాలామంది హిందువులే. పాటలో దెబ్బ పడింది సర్కారు మీద, దొరతనం మీద. మతం మీద కాదు. ఈ సంగతి పిల్లలకు పాటతో పాటే చెప్పాలి. చెప్పకపోతే చార్మినార్_చాయ్ గారికి జరిగిందే మళ్లీ మళ్లీ జరుగుతుంది.

పాలకుర్తి_పిల్ల
అన్నా, మీకు అలా జరగడం చాలా బాధగా ఉంది. యాదగిరి పేరుతో పాటు పాట ఎప్పుడు, ఎవరి మీద పుట్టిందో కూడా చెప్పాలన్నది మీ మాటతో నాకు ఇంకా గట్టిపడింది.

చార్మినార్_చాయ్
అదే కావాలి చెల్లీ. మఖ్దూం పేరు కూడా అదే మైకులో వినిపిస్తే మా పిల్లలు కూడా ముందు వరసలో నిలబడి పాడతారు.

డప్పుదరువు
భాయ్, ఈసారి మా ప్రోగ్రామ్‌కు రండి. చాయ్ నాది, బిస్కెట్ నాది, చరణం మీది.

చార్మినార్_చాయ్
ఉస్మానియా బిస్కెట్ అయితేనే వస్తా.

నాగావళి
శ్రీకాకుళం నుంచి నేను. మాకు ఇలాంటి పాట వంగపండు ప్రసాదరావు గారి "ఏం పిల్లడో ఎల్దమొస్తవ". శ్రీకాకుళ పోరాటం గురించి రాసింది. ఉత్తరాంధ్రలో పాడని ఊరు లేదు. ఆయన 2020లో పోయారు. బతికుండగానే ఆ పాటను జానపదం అనేవాళ్లు. గజ్జె కట్టి వేదిక మీద ఆడి పాడుతున్న మనిషి ఎదురుగా ఉండగానే! జనం అంతగా సొంతం చేసుకున్నారన్న ఆనందం ఒక పక్క, మనిషి పేరు పోతోందన్న గుబులు ఒక పక్క.

కొత్తచిగురు
గద్దర్, వంగపండు ఇద్దరూ విప్లవ పాటల బృందం జననాట్యమండలి వాళ్లే కదా?

నాగావళి
అవును. 1972లో మొదలైంది. ఇద్దరూ మొదటి నుంచీ ఉన్నారు.

సీమబిడ్డ
మాకు సీమలో "సైరా నరసింహారెడ్డి" పాట ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీవాళ్లు 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకకముందే పాటలో ఆయన బతికాడు. కోలాటంలో పాడతారు, భిక్షగాళ్లు పాడేవారు. ఎవరు కట్టారో పేరు లేదు. సినిమా వచ్చింది 2019లో, పేరు ఆ పాట నుంచే తీసుకున్నారు. ఇప్పుడు పిల్లలకు సైరా అంటే సినిమా మాత్రమే గుర్తొస్తుంది. కాబట్టి పాలకుర్తి అక్క బాధ మాకూ ఉంది, పైగా మాకు చెప్పుకోవడానికి పేరు కూడా లేదు. మీకు ఒక పేరుంది. దాన్ని పోగొట్టుకోకండి.

ఎర్రమట్టి
సీమబిడ్డ అన్న చివరి మాట డప్పుదరువు అన్న మళ్లీ ఒకసారి చదవాలి.

డప్పుదరువు
చదివా. పేరు చెప్పొద్దని నేను అనలేదు. పేరు లేకపోయినా పాట ఆగదు అంటున్నా. సైరా పాట ఆగిందా?

గోదారిగట్టు
మా వైపు "మా తెలుగు తల్లికి మల్లెపూదండ" ఉంది. అది జానపదం కాదు, శంకరంబాడి సుందరాచారి రాసిన గేయం. టంగుటూరి సూర్యకుమారి గొంతులో రికార్డుగా వచ్చింది, ఇంటింటికీ వెళ్లింది. మా బడిలో రోజూ పాడేవాళ్లం. అది పూజలా ఉంటుంది. బండెనక బండిలో ఉన్న తెగింపు దాంట్లో ఉండదు, దాంట్లో ఉన్న నెమ్మది దీంట్లో ఉండదు. ఒకటి రెండోదాని పని చెయ్యలేదు.

వరికోత
అదే నేనూ అంటా. అందెశ్రీ గారి "జయ జయహే తెలంగాణ" పాడుతుంటే గుండె నిండుతుంది. ఉద్యమం నడుస్తున్న రోజుల్లోనే చాలా బడుల్లో ప్రార్థనలా పాడాం. 2024 జూన్ 2న కీరవాణి గారి సంగీతంతో రాష్ట్ర గీతంగా విడుదల చేశారు. బడి మెట్టు ఎక్కని మనిషి, పశువులు కాసిన మనిషి, రాష్ట్రానికి గీతం ఇచ్చాడు. 2025 నవంబరులో ఆయన పోయినప్పుడు మా ఊళ్లో పిల్లలంతా ఆ పాట పాడారు. ఎవరిదో ఒక్కొక్కరికీ తెలుసు. పేరు తెలిస్తే పాట చిన్నదైపోతుందా మరి?

లెక్కలసారు
వరికోత గారు మంచి ఉదాహరణ ఇచ్చారు. అందెశ్రీ పేరు ప్రతి పిల్లవాడికీ తెలుసు, అయినా పాట అందరిదీ అయింది.

డప్పుదరువు
సారూ, అది పుస్తకంలో ఉన్న పాట, బడి నేర్పింది. బండెనక బండి నోటి నుంచి నోటికి వచ్చింది. దారులు వేరు.

ధూంధాం_2002
ఆ దారుల గురించి నేను చెబుతా. 2002లో కామారెడ్డిలో మొదటి ధూంధాం (తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభ) జరిగినప్పుడు నేను కుర్రాడిని, వేదిక కింద నిలబడ్డా. తర్వాత ఊరూరా జరిగాయి. ఉపన్యాసానికి గంట ముందు పాటలు మొదలయ్యేవి. కొత్త పాటలు ఎన్ని వచ్చినా, జనం పలచబడుతున్నారు అనిపిస్తే కళాకారులు వెంటనే బండెనక బండి ఎత్తుకునేవారు. ముసలివాళ్లు లేచేవాళ్లు. వాళ్ల తండ్రులు సంఘంలో ఉన్నవాళ్లు. పిల్లలు వాళ్లను చూసి లేచేవాళ్లు. 1940ల కోపం 2000ల కోపంతో ఒక్క పాటలో కలిసిపోవడం అక్కడ చూశా. నిజాం పేరు ఉన్నచోట అప్పటి పాలకుల పేర్లు పెట్టి పాడేవారు. ఇప్పుడు ధర్నాల్లో ఇప్పటి పాలకుల పేర్లు పెడుతున్నారు. ఏ పార్టీ వచ్చినా ఆ పాటకు పని ఉంటూనే ఉంది. అందుకే దాన్ని ప్రభుత్వ పాట చేయకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. ప్రభుత్వాన్ని నిలదీసే పాట ప్రభుత్వ కార్యక్రమంలో లేచి నిలబడి పాడే పాట కాకూడదు.

నల్గొండ_నాగులు
ఈ పోస్టుకు వంద దండాలు.

ఎర్రమట్టి
ఒప్పుకుంటున్నా. కానీ ధూంధాంలో కూడా యాదగిరి పేరు చెప్పేవాళ్లా?

ధూంధాం_2002
కొందరు చెప్పేవారు. "అమరుల పాట" అని ఎక్కువమంది అనేవారు.

బతుకమ్మ_వాకిలి
మగవాళ్ల పాటలే మాట్లాడుతున్నారు. మా ఆడవాళ్లకు ఉయ్యాల పాటలు ఉన్నాయి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ, భూమి కోసం దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ కథ పాడతాం, ఉద్యమం కథ పాడాం, వరకట్నం కథ కూడా పాడాం. అదే వరస, ప్రతి ఏడూ కొత్త మాట. రాసినవాళ్ల పేర్లు మాకు తెలుసు, వాళ్లంతా మా వాడలోనే ఉంటారు. వాడ దాటగానే పేరు పోతుంది, పాట మిగులుతుంది. మా అత్తమ్మ కట్టిన పాట పక్క మండలంలో విన్నా. అత్తమ్మకు చెబితే మురిసిపోయింది, కానీ "నా పేరు చెప్పారా" అని కూడా అడిగింది. పేరు అక్కర్లేదని అనేది ఎప్పుడూ పాట కట్టినవాళ్లు కాదు. వినేవాళ్లే అంటారు.

పాలకుర్తి_పిల్ల
అక్కా, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే.

డప్పుదరువు
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు అక్కా. అత్తమ్మ పేరు చెప్పండి, ఈ దసరాకు మా దరువులో ఆ పాట ఎత్తుకుంటే పేరు చెప్పే ఎత్తుకుంటాం.

బతుకమ్మ_వాకిలి
అడిగి చెబుతా తమ్ముడు. ఆమెకు ఇష్టమైతేనే.

సెల్ఫోన్_సంగతి
పేరు లేకపోతే ఇంకో తంటా వస్తుంది, నా అనుభవం చెబుతా. మా పెద్దనాన్న బండెనక బండి పాడిన వీడియో నెట్‌లో పెట్టా. ఒక్క వాయిద్యం లేదు, మంచం మీద కూర్చుని పాడాడు. రెండు రోజుల్లో ఒక ఆడియో కంపెనీ ఆ పాట మాది అంటూ క్లెయిమ్ వేసింది. పెద్దనాన్న గొంతు వాళ్లదెలా అయింది? నాకు ఒకటే టెన్షన్, ఎవరితో మాట్లాడాలో తెలియలేదు.

వకీలు_వాణి
చట్టం మాట చెబుతాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. పాట మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. సినిమా రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1980 సినిమా అయితే 2040 దాకా ఆ రికార్డింగ్ మీద హక్కు ఉంటుంది. రాసినవారి పేరు తెలిసిన పాటకు ఆయన పోయాక 60 ఏళ్లు. మీ పెద్దనాన్న తన గొంతుతో పాడింది ఎవరి రికార్డింగూ కాదు. క్లెయిమ్‌కు అభ్యంతరం పెట్టండి. "ఇది సినిమా ఆడియో కాదు, మా ఇంటి మనిషి స్వయంగా పాడినది, పాట బండి యాదగిరిది, సాయుధ పోరాట కాలం నాటిది" అని రాయండి.

సెల్ఫోన్_సంగతి
పెట్టాను మేడమ్. కొన్ని రోజులకు తీసేశారు. నేను యాదగిరి పేరు రాయలేదు, సినిమా కన్నా ముందటిది అని మాత్రం రాశా. ఇప్పుడు వీడియో కింద పేరు కూడా రాస్తా.

పాతరికార్డులు
ఈ సందర్భంలో ఒక విన్నపం. పెద్దకాపు_మనవరాలు గారి మేనత్త లాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ఊరికో రకంగా పాడినవి ఉన్నప్పుడే పట్టుకోవాలి. రికార్డ్ చేసేటప్పుడు పాటకు ముందు పాడేవారి చేతే పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పించండి. ఆ మాటలు అదే ఫైల్లో ఉండాలి, వేరే కాగితం మీద రాస్తే కాగితం పోతుంది. ఫ్యాన్ ఆపండి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. చరణం మర్చిపోతే ఆపకండి, వాళ్లే గుర్తు తెచ్చుకుంటారు. పక్కనుంచి సినిమా వరస అందించకండి, మొత్తం సినిమాలోలా మారిపోతుంది. ముఖ్యంగా ఇది. నెట్‌లో పెట్టేముందు వాళ్ల ఒప్పుకోలు తీసుకోండి. దొరల పేర్లు ఉన్నచోట మరీ జాగ్రత్త.

పెద్దకాపు_మనవరాలు
మేనత్తకు ఫోన్ చేశా. "నాకు సగమే వచ్చు, మిగతా సగం మీ చిన్నాయనమ్మకు వచ్చు, ఇద్దరినీ కూర్చోబెట్టు" అంది. ఇద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు!

బతుకమ్మ_వాకిలి
పాట కోసమైనా మాట్లాడతారులే. చాపేసి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టు, ఒకరు తప్పు పాడితే రెండోవాళ్లు ఆగలేరు.

జోడేఘాట్
లెక్కలసారు అడిగారు కదా, మా పెద్దయ్య పాడిన భీం పాట రేపు పెడతా. గోండిలో ఉంటుంది. పెద్దయ్య పేరు, ఊరు ముందే చెప్పిస్తా.

లెక్కలసారు
ఎదురుచూస్తుంటాను. తెలుగులో అర్థం కూడా రాస్తే పిల్లలకు చెబుతా.

కొత్తచిగురు
పాలకుర్తి అక్కా, బడికి రాసి ఇవ్వడానికి రెండు వాక్యాలు ఎవరైనా తయారు చేయరా? మా బడిలో కూడా జనవరిలో ప్రోగ్రామ్ ఉంది.

పాలకుర్తి_పిల్ల
నేను రాసింది ఇది, సవరణలుంటే చెప్పండి: "తెలంగాణ సాయుధ పోరాటంలో, నిజాం సర్కారు వెట్టికీ దొరతనానికీ ఎదురు తిరిగిన రోజుల్లో బండి యాదగిరి కట్టిన పాట ఇది. మా భూమి సినిమాలో గద్దర్ పాడారు. ఇప్పుడు మా పిల్లలు పాడుతున్నారు."

వరికోత
చాలు, చక్కగా ఉంది.

చార్మినార్_చాయ్
"బందగీ, కొమురయ్య, ఐలమ్మ నడిచిన పోరాటం" అని కలపగలరా?

పాలకుర్తి_పిల్ల
కలుపుతున్నా అన్నా. "బందగీ, దొడ్డి కొమురయ్య, చాకలి ఐలమ్మ నిలిచి పోరాడిన నేలలో" అని మొదలుపెడతా.

డప్పుదరువు
దరువుకు ముందు చెప్పడానికి ఇది సరిగ్గా సరిపోతుంది. నేనూ తీసుకుంటున్నా. వచ్చే శనివారం సిరిసిల్లలో వాయిస్తున్నాం, అక్కడ ఇలాగే చెబుతాం. ఊళ్ల పేర్లు మాత్రం సిరిసిల్లవే కలుపుతాం.